రాజాంలో నాలుగు తీగలు

రాజాముకి రైలు లేదు. పొందూరులో దిగినా, చీపురుపల్లిలో దిగినా మళ్ళీ బస్సెక్కవలసిందే. అందుచేత విజయనగరం వాళ్ళం ఆ రెండుసార్లు ఎక్కి దిగే గొడవ పెట్టుకోకుండా ఇక్కడే ఆర్టీసీ బస్సెక్కి కూర్చుంటాం. గరివిడీ చీపురుపల్లీ దాటి, తాటిచెట్లూ మామిడితోటలూ కిటికీలోంచి చూసుకుంటూ పోతే, కునుకు పట్టేవేళకి రాజాం వచ్చేస్తుంది.

నేను ఊళ్ళు చూడడానికి వెళ్ళే మనిషిని కాను. కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. నా ప్రయాణాలన్నీ ప్రబంధాల్లోని పురవర్ణనలతోనే సరిపోతాయి. కాని కిందటి నెల ఒక గురువారం రాత్రి రాజాం నుంచి మా అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, ఒక్కసారి వచ్చి వెళ్ళు. నీ మేనల్లుడికి నాలుగు మంచిమాటలు చెప్పాలి. నీ మాటంటే వాడికి గౌరవం."

నా మాటంటే ఎవరికో గౌరవం ఉందని నలభై ఆరేళ్ళ వయస్సులో మొదటిసారి విన్నాను. మర్నాడు సాయంత్రం కాలేజీ వదిలిపెట్టగానే బయల్దేరేను. చెప్పవలసిన నాలుగు మాటలూ బస్సులోనే తయారు చేసుకున్నాను కూడాను.

విజయనగరం వాడు రాజాంలో బస్సు దిగినప్పుడు కొంచెం ఒదిగి నడవడం మర్యాద. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, మా విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజుగారూ కలిసి బొబ్బిలి కోటని ముట్టడించినప్పుడు, తాండ్ర పాపారాయుడు ఉన్నది ఈ రాజాంలోనే. కబురు అందేసరికి ఆలస్యమైపోయింది. అతను చేరుకునే వేళకి కోటలో మిగిలింది బూడిద. కొద్దిరోజులకే రాత్రివేళ డేరాలో జొరబడి విజయరామరాజుగారిని పొడిచి చంపేడు. 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' సినిమా చూసి మా నాన్నగారి తరంవాళ్ళు ఇరుపక్షాలా కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పగలేవీ లేవు. పిల్లల్ని ఇచ్చి పుచ్చుకుంటున్నాం. మా అక్కని ఇచ్చింది అలాగే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాముని తెచ్చి విజయనగరం జిల్లాలోనే కలిపేరు. పాపారాయుడు వింటే ఏమనునో!

బజారు దాటి అక్క ఇల్లున్న వీధి మలుపు తిరిగేసరికి నాకు ఒక రొద వినిపించింది. తేనెపట్టు కదిపినట్టు, పిండిమర దూరాన తిరుగుతున్నట్టు ఒకటే "ఊఁ" మని రొద. వీధిలో ఏదో మోటారు పాడయిందనుకున్నాను. ఆ మోటారు మా అక్క ఇంట్లోనే ఉంది.

మా మేనల్లుడు ఇక్కడి ఇంజనీరింగు కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాడు. 1997లో పెట్టిన ఆ కాలేజీ వచ్చేక, రాజాం వీధుల్లో సాయంత్రాలు పుస్తకాల సంచీలతో కుర్రాళ్ళు కనబడుతూంటారు. వీడి భుజాన మాత్రం పుస్తకాల సంచీతో పాటు, శవాన్ని మోసినట్టు (అక్క ఉపమానం) నల్ల గుడ్డ తొడిగిన బేస్ గిటారు ఒకటి వేలాడుతూంటుంది. ఎవరో చదువు పూర్తయి వెళ్ళిపోతూ ఆరున్నర వేలకి అమ్మేసిన చవకరకం వాయిద్యం. పెళ్ళిళ్ళకి పాడే ఆర్కెస్ట్రా ఒకటి వీణ్ణి చేర్చుకుంది. అయితే ఆ రొద భరించలేక ఆర్కెస్ట్రా నాయకుడు గడువు పెట్టేడట: సోమవారం పెళ్ళి కచేరీ నాటికి రొద పోతే సరి, పోకపోతే మరో కుర్రాణ్ణి చూసుకుంటానని.

అదీ ఒక గడువే. కాని ఇంట్లో పెట్టిన గడువు అంతకన్నా కఠినమైనది. మా బావగారు జిల్లాలో మరోచోట ఒక నారమిల్లులో ముప్పై రెండేళ్ళు మగ్గాల దగ్గర పనిచేసి ఇంటికొచ్చేరు. ఆ మగ్గాల పక్క నిలబడి మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. చెవుల్లో ఇంత దూది పెట్టుకొమ్మని చెప్పిన వాళ్ళు ఆ రోజుల్లో లేరు. దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నారు. నేను మాట్లాడితే బాగానే వినబడుతుంది. అక్క పిలిస్తే వినబడదు. ఇది చెవుడు కాదనీ, ఇరవై ఎనిమిదేళ్ళ కాపరంలో పట్టుబడిన విద్య అనీ అక్క అభియోగం.

"ముప్పై రెండేళ్ళు మిల్లులో విన్నాను ఆ రొద. ఇంట్లో కూడా వినాలా, చెప్పవయ్యా!" అన్నారు బావగారు నాతో. "ఈ వారం దాటితే నేనే దాన్ని అమ్మేస్తాను."

తండ్రీ కొడుకులు రెండు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. ఒకరికి కావలసింది మరొకరికి అక్క చేరవేస్తోంది. ఆయనకి అక్క గొంతు వినబడదు గనుక, ఆ రాయబారం ఎంత చక్కగా సాగుతోందో ఊహించుకోండి.

రాత్రి భోజనాలయ్యేక డాబామీద మేనల్లుణ్ణి కూర్చోబెట్టి నా నాలుగు మాటలూ మొదలుపెట్టేను. మొదటి మాట సగంలో ఉండగా వాడు జేబులోంచి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టేడు.

"మావయ్యా, ఇవి కొత్త పికప్పులు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో పోస్టులో తెప్పించేను. ఇవి అమరిస్తే రొద పోతుంది. నాన్నకి చెబుదామంటే..."

ఆ పైన వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా మిగతా మూడు మాటలూ ఆ రాత్రికి దాచుకున్నాను.

పికప్ అంటే ఏమిటో తెలియని నాలాంటి వారికోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఈ వాయిద్యానికి వీణకున్నట్టు కుండ లేదు. అంతా గట్టి చెక్క. మీటితే పక్కవాడికే సరిగా వినబడదు. తీగల కింద చిన్న పెట్టెలో అయస్కాంతాలూ, వాటి చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని రాగితీగ వేలకొద్దీ చుట్లూ ఉంటాయి. పొందూరు సన్నఖద్దరు నూలు గొప్పదనుకునే వాణ్ణి. ఇది దానికి తాతలా ఉంది. ఉక్కుతీగ అయస్కాంతం ఎదట కంపిస్తే రాగిచుట్టలో కరెంటు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టేడు. ఆ పిసరంత కరెంటుని పెద్దది చేసి స్పీకరులోకి పంపిస్తే అదే పాట. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ఈ సూత్రంతోనే బేస్ గిటారుని బజారులోకి తెచ్చేడు. అంతకుముందు ఆ మంద్రస్వరాలు పలకాలంటే మనిషెత్తు పెట్టెని నిలబెట్టి వాయించవలసి వచ్చేది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ రాగిచుట్టకి తీగ ఏదో, ఇంటి కరెంటు ఏదో తెలియదు. గోడల్లో పారే కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతూంటుంది. చుట్ట దాన్నీ పట్టుకుని "ఊఁ" అంటుంది.

"మరి కొత్తదాంట్లో ఎందుకు పోతుందిరా?" అన్నాను.

"ఇందులో రెండు చుట్టలున్నాయి మావయ్యా. ఒకదాన్ని ఎదురుగా చుట్టేరు. దాని అయస్కాంతాన్ని కూడా తిరగేసేరు. రొద రెండింట్లోనూ ఎదురెదురుగా వచ్చి కొట్టేసుకుంటుంది. స్వరం మాత్రం కలుస్తుంది."

నాకు అర్థంకాలేదు. కాసేపు నక్షత్రాలకేసి చూసేక అర్థమైంది. ఇది మా వ్యాకరణమే! "లేదు" అంటే లేదు. "లేకపోలేదు" అంటే ఉంది. చుట్ట ఒకసారి తిరిగింది, అయస్కాంతం ఒకసారి తిరిగింది. స్వరానికి రెండు తిరుగుళ్ళూ తగిలి మళ్ళీ నిలువుగా నిలబడింది. రొదకి అయస్కాంతంతో పనిలేదు. దానికి తగిలింది ఒక్క తిరుగుడే. అందుచేత అది పోయింది. ఇంజనీరింగు పుస్తకాల్లో కూడా నఞర్థాలుంటాయని అప్పుడే తెలిసింది.

శనివారం పొద్దున్నే వాయిద్యాన్ని మోసుకుని బజారులో మైకుసెట్టు దుకాణానికి వెళ్ళేము. గిటార్లు బాగుచేసే దుకాణం రాజాంలో మాకు కనబడలేదు. కాని పెళ్ళికీ, అమ్మవారి యాత్రకీ, ఎన్నికలకీ మైకులు కట్టే ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. కళ్ళజోడు తాడుతో కట్టుకుని, వాయిద్యాన్ని పసిపిల్లలా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"ఏటి బాబూ దీనికి జబ్బు?"

మేనల్లుడు కొత్త పికప్పులు చూపించేడు. ఆయన వాటికేసి చూడనైనా చూడలేదు.

"మందు తరవాత. రోగమేటో ముందు సూడాల. తీగ ముట్టుకుంటే రొద తగ్గుతాదా?"

"తగ్గదండి."

"అదీ సంగతి!"

గుర్రం (వీణకైనా దీనికైనా తీగల్ని మోసే కమ్మీని నేను గుర్రమనే అంటాను) మరలు విప్పి కిందికి చూసేడు. గుర్రాన్నీ లోపలి భూతీగనీ కలపవలసిన సన్నని వైరు ఒకటి దుమ్ములో వేలాడుతోంది. ఎవరూ దాన్ని ఎన్నడూ అతికిన జాడ లేదు. ఆయన కాయవేసి చుక్క సీసం అంటించేడు. స్పీకరుకి తగిలించి చూస్తే రొద సగానికి సగం తగ్గిపోయింది.

"దీనికి రూపాయి కర్చు లేదు మాస్టారూ," అన్నాడాయన నాకేసి చూసి. "అందరూ కొత్తది కొనడానికి సూస్తారు. తెగింది కలపడానికి ఎవలూ సూడరు."

ఇంట్లో జరుగుతున్న సంగతి ఆయనకి తెలిసే అవకాశం లేదు. నేను మాత్రం మేనల్లుడి ముఖంకేసి చూడలేకపోయేను.

తరవాత మీటరు పెట్టి పాత చుట్టల్ని కొలిచేడు. రెండూ ఒకే వైపు చుట్టినవే. ఒకదాని రొదని రెండోది కొట్టెయ్యదు. కొత్తవి పెట్టవలసిందేనన్నాడు. అక్కడే మరో చిక్కు వచ్చింది. కొత్త జతలో గుర్రం వైపుది రెండోదానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగు. ఖరీదైన వాయిద్యాల్లో గుంటలు ఆ కొలతకే తవ్వుతారట. ఇది చవకది, రెండు గుంటలూ ఒకటే కొలత. కొత్తది దిగనంది.

"సెక్కపని నాది కాదు బాబూ. ఉలి జారితే మొత్తం పోతాది. చెయ్యి తిరిగినోడి దగ్గిరికి వెళ్ళండి."

చెక్కా తీగా కలిసే చోట చెయ్యి తిరిగినవాళ్ళకి ఈ ప్రాంతంలో కరువా? బొబ్బిలి పక్కనే గొల్లపల్లి ఉంది. భోజనం చేసి బొబ్బిలి బస్సెక్కేము. ఆనాడు పాపారాయుడు ఏ దారిన గుర్రం దౌడు తీయించేడో గాని, మా బస్సు మాత్రం మనిషి కనబడ్డ చోటల్లా ఆగి మరీ వెళ్ళింది. మేనల్లుడు వాయిద్యాన్ని ఒళ్ళోంచి కింద పెట్టలేదు.

గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తారు. పనసచెక్క దుంగని నిలువుగా తొలిచి, కుండా దండీ ఒకే చెక్కలో తీసిన ఏకాండి వీణకి బొబ్బిలి వీణ అని పేరు. 2011లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చేరు. మేము వెళ్ళేసరికి ఒక ఇంటి అరుగుమీద యాభై ఏళ్ళ శిల్పి ఒకాయన మైనం కరిగించి ఇరవైనాలుగు మెట్లలో ఒక్కొక్కటీ చెవితో చూసుకుంటూ నిలబెడుతున్నాడు. వీణకి మేళం కట్టడమంటే అదే. మైనం పొగ వాసన, పనస రజను వాసన కలిసి గుడిలో ఉన్నట్టుంది. ఆ మెట్టు నిలబడేదాకా మేమిద్దరం మాట్లాడలేదు. ఆయనా తల ఎత్తలేదు.

మా వాయిద్యాన్ని చూసి నవ్వుతాడేమోనని భయపడ్డాను. నవ్వలేదు. వేలితో చెక్కమీద కొట్టి విన్నాడు.

"ఇది పలికే చెక్క కాదండి. మోసే చెక్క," అన్నాడు. "దీని గొంతు ఆ పెట్టెల్లోనే ఉంది. ఇప్పుడు కచేరీలు చేసేవాళ్ళు మా వీణలకీ పికప్ కావాలంటున్నారు."

"ఇదే రకమాండీ?" అన్నాను.

మేనల్లుడు అందుకున్నాడు. వీణలో ఉక్కు తీగలకి ఇది పనిచేస్తుంది గాని, ఇత్తడి తీగల్ని అయస్కాంతం పట్టించుకోదట. అందుకని వీణకి చెక్క అదురుని వినే బిళ్ళ అంటిస్తారట. శిల్పి వాడికేసి మెచ్చుకోలుగా చూసి, "కుర్రాడికి ఇనప తీగా ఇత్తడి తీగా తేడా తెలుసు," అన్నాడు. నలుగురిలో వాణ్ణి ఒకరు మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు. వాడికీ అదే మొదలేమో, చెవులు ఎర్రబడ్డాయి.

కరెంటు వాయిద్యం మన సంగీతానికి పనికిరాదని నేను కాలేజీలో ఒకసారి ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎనిమిది తీగల పాశ్చాత్య వాయిద్యాన్ని వదిలి, ఐదే తీగల కరెంటు మాండలిన్ చేయించుకుని, గమకాలన్నీ పలికించి చూపించేడు. 2014లో ఆయన పోయిననాడు నేనే సంతాపసభలో మాట్లాడేను. ఆ రెండు ఉపన్యాసాలకీ పొత్తు కుదరదని ఆ అరుగుమీద కూర్చుంటేనే తట్టింది.

శిల్పి గుంట అంచున పెన్సిలుతో గీత గీసి, సన్నని ఉలితో వడ్లగింజ మందాన చెక్క తీసేడు. పెట్టి చూసేడు. మళ్ళీ కొంచెం తీసేడు. మూడోసారి కొత్త పికప్ పల్లకీలో పెళ్ళికూతురులా సర్దుకుని కూర్చుంది. కూలి ఎంతంటే, "వీణపని కాదు కదండీ," అని ఏమీ పుచ్చుకోలేదు. బలవంతంమీద టీ డబ్బులిచ్చేము.

ఆదివారం పొద్దున్న మైకుసెట్టు మేస్త్రీ గుంటల లోపల రాగిరేకు అంటించి, కొత్త పికప్పుల వైర్లు కాయవేసి అతికేడు. నా పని టార్చిలైటు పట్టుకోవడం. ఎం.ఏ. చదువు ఎప్పుడూ ఇంత సూటిగా ఉపయోగపడలేదు. రెండుసార్లు చెయ్యి వణికింది. రెండుసార్లూ తిట్లు తిన్నాను.

సాయంత్రం ఇంటి ముందుగదిలో వాడు స్పీకరు స్విచ్చి వేసేడు. ఏమీ లేదు. నిశ్శబ్దం. అక్క వంటింట్లోంచి తొంగి చూసింది. వరండాలో పడకకుర్చీలో ఉన్న బావగారు కాసేపటికి నన్ను పిలిచేరు.

"ఏమయ్యా, పాడైపోయిందా అది? రొద రావడం లేదు."

"లేదండీ, బాగైంది."

అప్పుడు వాడు లావు తీగ మీటేడు. ఆ తీగ సెకనుకి నలభైఒక్కసారి ఊగుతుంది. కిటికీ రెక్క సన్నగా అదిరింది. బావగారు తల ఎత్తేరు.

మిల్లురొదలో ఏళ్ళతరబడి పనిచేసిన వాళ్ళకి ముందుగా పోయేవి సన్నని స్థాయిలు. పిల్లల గొంతులూ, ఆడవాళ్ళ గొంతులూ, పిట్టల కూతలూ మసకబారతాయి. మాటల్లో శషసలు రాలిపోతాయి. మంద్రస్థాయి అందరికన్నా ఆలస్యంగా వెళుతుంది. ఇది డాక్టరు బావగారికి చెప్పిందే. కాని దాన్నిబట్టి ఏం అర్థం చేసుకోవాలో మాలో ఒక్కరికీ తోచలేదు. ఆయనకి మా అందరికన్నా బాగా వినబడే వాయిద్యాన్ని కొడుకు తెచ్చుకున్నాడు. రెండు నెలలుగా దానిమీద రొద ఒక్కటే ఆయన చెవికి చేరుతూ వచ్చింది.

వాడు ఒక పాత సినిమాపాటకి మంద్రస్వరాలు వాయిస్తున్నాడు. పల్లవి అయ్యేసరికి బావగారు గుమ్మంలో ఉన్నారు. చరణం మొదలయ్యేసరికి స్పీకరు పక్క ముక్కాలిపీట మీద కూర్చున్నారు. అరచెయ్యి దానిమీద ఆనించేరు. ఆయన కుడికాలు బొటనవేలు తాళం వేస్తోంది.

పాట అయింది. "ఇంకోసారి వాయించమను," అన్నారు నాతో.

నేను చెప్పనక్కరలేకపోయింది. రెండోసారి అయ్యేక ఆయన కొడుకువైపే తిరిగి, "చరణంలో రెండోచోట తప్పేవు. మొదటిసారి అలా కొట్టలేదు," అన్నారు.

"అవును నాన్నా," అన్నాడు వాడు.

అక్క పోపు మాడుతున్నా వంటింట్లోకి వెళ్ళలేదు.

సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సుకి తిరిగి వచ్చేసేను. చీపురుపల్లి దాటేక, చెప్పవలసిన మిగతా మూడు మంచిమాటలూ గుర్తుకొచ్చేయి. అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

పెళ్ళి కచేరీ బాగా జరిగిందనీ, ఆర్కెస్ట్రాలో వాడి చోటు వాడికే ఉందనీ మంగళవారం అక్క ఫోనులో చెప్పింది. చెప్పి, గొంతు తగ్గించింది.

"తమ్ముడూ, ఇంకోసారి వచ్చి వెళ్ళు. ఈసారి మీ బావగారికి చెప్పాలి నాలుగు మంచిమాటలు. సాయంత్రం ఏడు కొట్టేసరికి అది తియ్యి, అది వాయించు అని వాడి వెంటపడతారు. నన్ను సీరియల్ చూడనివ్వడం లేదు."